అఫ్గాన్ మహిళలు, యుద్ధాలు, విదేశీ సైన్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అఫ్గానిస్తాన్ నుంచి ఏదైనా వార్త రాగానే నాకు అవే మెసేజ్‌లు వస్తాయి. ఒకరు 1970ల కాబూల్ ఫోటో పంపిస్తారు, ఇంకొకరు "అమెరికా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉన్నారుగా" అంటారు, మరొకరు "వాళ్ళ మతమే అంత, మనం చేసేదేముంది" అని తేల్చేస్తారు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ విసుగొచ్చి అన్నీ ఒక్కచోట పెడుతున్నాను. కాలాన్ని బట్టి విడగొట్టాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. నా అభిప్రాయం కూడా ముందే చెప్పేస్తాను: తాలిబన్లు చేస్తున్నది దుర్మార్గం. ఆడవాళ్ళ పేరు చెప్పి విదేశీ సైన్యాలు చేసినవాటిని కూడా నేను వెనకేసుకురాను. ఒకటి ఒప్పుకుంటే రెండోది వదులుకోవాలని ఎవరూ రూలు పెట్టలేదు.

## 2001కి ముందు

1970లలో కాబూల్ అమ్మాయిలు మినీ స్కర్టులు వేసుకునేవాళ్ళట, ఫోటో చూశాను. నిజమేనా?

నిజమే. కాబూల్ యూనివర్సిటీలో, ఆఫీసుల్లో అలాంటి అమ్మాయిలు ఉండేవాళ్ళు. మా ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్నగారు ఆ ఫోటోని ఏడాదికి రెండుసార్లు ఫార్వర్డ్ చేస్తారు. గొడవ ఎక్కడంటే, ఆ ఫోటోలో ఉన్నది రాజధానిలో చదువుకున్న కొద్ది కుటుంబాల జీవితం. అదే ఏడాది హెల్మండ్‌లోనో బదక్షాన్‌లోనో పల్లెలో ఉన్న ఆవిడకి బడి లేదు, ఆసుపత్రి లేదు, ఆవిడ ఫోటో తీసినవాళ్ళూ లేరు. 1970ల మద్రాసు సినిమా పార్టీ ఫోటో చూపించి తెలుగు ఆడవాళ్ళందరూ ఇలాగే ఉండేవాళ్ళంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఆడవాళ్ళకి హక్కులు అమెరికా వచ్చాకే కదా వచ్చాయి?

కాదు. అమానుల్లా రాజు కాలంలో, 1921లోనే, కాబూల్‌లో ఆడపిల్లల బడి పెట్టారు. రాణి సొరయా ఆ పనిలో ముందుండేది, 1928లో సభలో అందరి ముందూ ముసుగు తీసింది. కొంతమంది అమ్మాయిలని చదువుకి టర్కీ పంపారు కూడా. ఆ సంస్కరణలు, వాటితో పాటు పన్నులు, సైన్యంలో మార్పులు అన్నీ కలిసి తిరుగుబాటు రాజుకుని 1929లో అమానుల్లా దేశం విడిచి పోవలసి వచ్చింది. తరువాత 1964 రాజ్యాంగం మహిళలకి ఓటు హక్కునిచ్చింది, 1965 ఎన్నికల్లో నలుగురు మహిళలు దిగువ సభకి గెలిచారు, అదే ఏడాది ఆరోగ్య మంత్రిగా కుబ్రా నూర్జాయ్ వచ్చింది. ఇవన్నీ అఫ్గాన్లు తమలో తాము పోట్లాడుకుని తెచ్చుకున్నవి, అమెరికా విమానాలు రావడానికి చాలా ముందే.

రష్యా టైంలో ఆడవాళ్ళకి మేలు జరిగిందని మా కామ్రేడ్స్ అంటారు. మీరేమంటారు?

సగం ఒప్పుకుంటాను. 1978 ఏప్రిల్‌లో అధికారం పట్టిన కమ్యూనిస్టు పార్టీ అదే ఏడాది ఏడో నంబరు డిక్రీ (ప్రభుత్వ ఆదేశం) తెచ్చింది. పెళ్ళికొడుకు వైపువాళ్ళు పెళ్ళికూతురికి కట్టే సొమ్ము 300 అఫ్గానీలు దాటకూడదు, పెళ్ళికి అమ్మాయికి 16, అబ్బాయికి 18 నిండాలి. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కానీ దాన్ని పల్లెల్లోకి తీసుకెళ్ళిన పద్ధతి ఎలాంటిదంటే, తుపాకులు పట్టుకుని వచ్చి ఆడవాళ్ళని అక్షరాస్యత క్లాసులకి రమ్మనడం, కాదన్న పెద్దల్ని జైల్లో వేయడం, చాలామందిని చంపేయడం. 1979 మార్చిలో హెరాత్ భగ్గుమంది. ఆ డిసెంబరులో సోవియట్ సైన్యం దిగింది, 1989 ఫిబ్రవరి దాకా కదల్లేదు. ఆ పదేళ్ళలో కాబూల్‌లో ఆడవాళ్ళు టీచర్లయ్యారు, డాక్టర్లయ్యారు, రేడియోలో వార్తలు చదివారు. అవే పదేళ్ళలో పల్లెల మీద బాంబులు పడ్డాయి, పొలాల్లో మందుపాతరలు నిండాయి, యాభై లక్షలకు పైగా జనం పాకిస్తాన్‌కీ ఇరాన్‌కీ పారిపోయారు. ఆడపిల్లల చదువు అనే మాట పల్లె చెవిలో పరాయి సైన్యం మాటగా పడిపోయింది, ఆ మచ్చ ఇంకా వదల్లేదు.

సోవియట్ సైన్యంతో పోరాడిన ముజాహిదీన్ ముఠాలకి డబ్బులిచ్చింది అమెరికానే అంటారు, ఆ ముఠాలు ఆడవాళ్ళని ఎలా చూశాయి?

అవును, సీఐఏ డబ్బు, సౌదీ డబ్బు, పాకిస్తాన్ ఐఎస్ఐ చేతుల మీదుగా. ఆ డబ్బులో పెద్ద వాటా గుల్బుద్దీన్ హెక్మతియార్ లాంటి అతి ఛాందసులకే వెళ్ళింది. శరణార్థి పిల్లల కోసం అమెరికా ప్రభుత్వ నిధులతో అచ్చైన పాఠ్యపుస్తకాల్లో లెక్కలు నేర్పడానికి బొమ్మలుగా వేసినవి తుపాకులు, తూటాలు. రెండూ రెండూ నాలుగని అలా నేర్చుకున్న పిల్లలే తరువాత పెద్దవాళ్ళయ్యారు.

ఆ రెండు పక్షాలనీ కాదన్న ఆడవాళ్ళూ ఉన్నారు. మీనా అనే అమ్మాయి ఇరవై ఏళ్ళ వయసులో, 1977లో, 'రావా' అనే మహిళా సంఘం పెట్టింది. సోవియట్ ఆక్రమణనీ, ఛాందస ముఠాలనీ ఒకేలా వ్యతిరేకించింది. 1987లో క్వెట్టాలో ఆమెని హత్య చేశారు.

ముజాహిదీన్లు 1992లో కాబూల్ పట్టుకుని ఒకరి మీద ఒకరు రాకెట్లు వేసుకున్నారు. నాలుగేళ్ళలో సగం ఊరు మట్టి దిబ్బైంది. ఏ వీధి ఏ ముఠాది అన్నదాన్ని బట్టి అమ్మాయిలని ఎత్తుకుపోవడం, అత్యాచారాలు మామూలైపోయాయి. ఈ నాలుగేళ్ళని చాలామంది కథ చెప్పేటప్పుడు దాటేస్తారు, ఎందుకంటే 2001లో అమెరికా మళ్ళీ చెయ్యి కలిపింది వీళ్ళలో చాలామందితోనే.

మరి 1996లో తాలిబన్లు వస్తే జనం ఎందుకు ఊరుకున్నారు?

అలిసిపోయి. 1994లో కాందహార్‌లో పుట్టినప్పుడు తాలిబన్లు చెప్పుకున్నది "దోపిడీలూ అత్యాచారాలూ ఆపుతాం" అనే. రోడ్ల మీద ముఠాల చెక్‌పోస్టులు ఎత్తేశారు కూడా. 1996 సెప్టెంబరు 27న కాబూల్ వాళ్ళ చేతికొచ్చింది, వెంటనే ఆడపిల్లల బడులు మూసేశారు, ఉద్యోగాలు మాన్పించారు, మగతోడు లేకుండా బయటికి రావద్దన్నారు. యుద్ధాల్లో భర్తలు పోయిన వితంతువులు కాబూల్‌లో వేలల్లో ఉన్నారు, వాళ్ళకి మగతోడు ఎక్కడినుంచి వస్తుంది? ప్రపంచ ఆహార కార్యక్రమం సాయంతో వితంతువులే నడిపిన రొట్టెల బట్టీలు కొన్ని కుటుంబాలకి తిండి పెట్టాయి.

## అమెరికా ఉన్న ఇరవై ఏళ్ళు

అమెరికా యుద్ధం చేసింది ఆడవాళ్ళ కోసమేనా?

కాదు. సెప్టెంబరు 11 దాడుల తరువాత, తాలిబన్ల దగ్గర ఆశ్రయం పొందిన అల్ ఖైదా మీద పగతో, 2001 అక్టోబరు 7న మొదలుపెట్టారు. ఆడవాళ్ళ మాట తరువాత వచ్చింది. నవంబరు 17న అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ, ఉగ్రవాదం మీద పోరాటం మహిళల హక్కుల కోసం పోరాటం కూడా అని చెప్పింది. 1996 నుంచి ఐదేళ్ళపాటు అవే బురఖాలు అక్కడే ఉన్నాయి, ఏ విమానమూ లేవలేదు.

అలా అంటే ఆ ఇరవై ఏళ్ళలో ఏమీ మారలేదంటారా?

చాలా మారింది, అది కాదంటే అక్కడ పనిచేసిన ఆడవాళ్ళకే అన్యాయం చేసినట్టు. 2001లో బడిలో ఆడపిల్లలు దాదాపు లేరు, 2021 నాటికి లక్షల్లో ఉన్నారు. ఉన్నత చదువుల్లో 5,000 నుంచి లక్ష దాటారు. 2004 రాజ్యాంగం 249 సీట్ల దిగువ సభలో 68 మహిళలకి కేటాయించింది (మన పార్లమెంటులో మహిళా రిజర్వేషన్ ఇంకా అమలు కాలేదు, గమనించండి). హబీబా సరాబీ అనే ఆవిడ 2005లో బామియాన్ రాష్ట్రానికి గవర్నరైంది. 2002 సర్వేలో ప్రతి లక్ష ప్రసవాలకి 1,600 మంది తల్లులు చనిపోయేవాళ్ళు, ఐక్యరాజ్యసమితి అంచనాలో 2020 నాటికి అది 620కి వచ్చింది. ఊరూరా మంత్రసానులకి శిక్షణ ఇవ్వడం దీనికి పెద్ద కారణం.

మారనిది కూడా చెప్పాలి. మలాలై జోయా అనే సామాజిక కార్యకర్త 2003 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, ఇక్కడ కూర్చున్న ముఠా నాయకుల్ని విచారించాలి అన్నందుకు మైకు కట్ చేశారు. ఫరా రాష్ట్రం నుంచి గెలిచి పార్లమెంటుకి వస్తే 2007లో సస్పెండ్ చేశారు, అదే ఏడాది పార్లమెంటు యుద్ధ నేరస్తులకి క్షమాభిక్ష బిల్లు కూడా ఆమోదించింది. 2009లో మహిళలపై హింసని నేరం చేస్తూ మంచి చట్టం వచ్చింది, అయినా 2012లో ఇంటినుంచి పారిపోయారనో అక్రమ సంబంధమనో 'నైతిక నేరాల' కింద సుమారు 400 మంది ఆడవాళ్ళు, అమ్మాయిలు జైళ్ళలో ఉన్నారు. 2015 మార్చిలో నడి కాబూల్‌లో, పోలీసుల కళ్ళ ముందే, ఖురాన్ కాల్చిందన్న అబద్ధపు పుకారుతో ఫర్ఖుందా అనే అమ్మాయిని గుంపు కొట్టి చంపింది. ఆమె పాడెని ఆడవాళ్ళే మోశారు, మగవాళ్ళని ముట్టుకోనివ్వలేదు.

పల్లెల్లో ఆడవాళ్ళు తాలిబన్లే నయం అన్నారట. ఇది ప్రాపగాండా కాదా?

కొంత ప్రాపగాండా ఉంటుంది, కానీ దాని వెనక నిజం ఉంది, ఆ నిజం నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. యుద్ధం కాబూల్‌లో జరగలేదు, దక్షిణాన, తూర్పున పల్లెల్లో జరిగింది. 2008 జూలైలో నంగర్‌హార్‌లో ఒక పెళ్ళివారి గుంపు మీద అమెరికా విమానం బాంబులు వేసింది, అఫ్గాన్ ప్రభుత్వ విచారణ ప్రకారం 47 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే, పెళ్ళికూతురు కూడా. 2012 మార్చిలో కాందహార్ దగ్గర పంజ్వాయ్‌లో ఒక అమెరికన్ సైనికుడు రాత్రిపూట ఇళ్ళలోకి వెళ్ళి 16 మందిని కాల్చాడు, అక్కడా ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలే. ఇవి పేపర్లకెక్కినవి. పేపర్లకెక్కనివి రాత్రి దాడులు: అర్ధరాత్రి తలుపు పగలగొట్టి, పరాయి మగవాళ్ళు ఆడవాళ్ళ గదిలోకి వచ్చి, ఇంట్లో మగవాళ్ళని పట్టుకుపోవడం.

లెక్కల్లో మొత్తం మీద పౌరుల్ని ఎక్కువగా చంపింది తాలిబన్లు, ఇతర తిరుగుబాటు దళాలే, వాళ్ళ మందుపాతరలూ ఆత్మాహుతి బాంబులే. కానీ 2019 మొదటి ఆరు నెలల్లో ప్రభుత్వం, అమెరికా పక్షం చేతుల్లో పోయినవాళ్ళే ఎక్కువ అని ఐక్యరాజ్యసమితి లెక్క తేల్చింది. నలుగురు కొడుకుల్లో ముగ్గుర్ని పోగొట్టుకున్న తల్లికి బాంబులు ఆగడమే మొదటి హక్కు. అంతమాత్రాన ఆ తల్లికి మనవరాలి చదువు అక్కర్లేదని కాదు. ఆ బడి ఆమె ఊరికి ఎప్పుడూ రాలేదు, కట్టామని బిల్లులు మాత్రం పాసైన బడులు బోలెడు.

అక్కడ ఆడవాళ్ళ పేర్లు బయట చెప్పరట, నిజమా?

చాలా కుటుంబాల్లో నిజమే. పెళ్ళి కార్డు మీద పెళ్ళికూతురి పేరు ఉండదు, సమాధి మీద కూడా ఫలానా వాళ్ళ భార్య, ఫలానా వాళ్ళ కూతురు అనే. దీనిమీద 2017 నుంచి అఫ్గాన్ అమ్మాయిలు 'నా పేరేది' అని ఆన్‌లైన్‌లో ఉద్యమం నడిపారు, 2020లో గుర్తింపు కార్డు మీద తల్లి పేరు కూడా వేసేలా చట్టం మార్పించారు. మనం మరీ ఆశ్చర్యపోనక్కర్లేదు, మా నాయనమ్మ పేరు నాకు ఆవిడ పోయిన తరువాత రేషన్ కార్డులో చూస్తే తెలిసింది.

అమెరికా వెళ్ళిపోకుండా ఉంటే బాగుండేది కదా?

కాబూల్‌లో ఉద్యోగం చేసుకునే అమ్మాయికి అలాగే అనిపించి ఉంటుంది. కానీ వెళ్ళడం కన్నా వెళ్ళిన పద్ధతి చూడండి. 2020 ఫిబ్రవరి 29న దోహాలో సంతకాలు పెట్టింది అమెరికా, తాలిబన్లు మాత్రమే. అఫ్గాన్ ప్రభుత్వం ఆ గదిలో లేదు. ఆ ఒప్పందం మొత్తం చదివినా మహిళలు అన్న మాట కనిపించదు. ఇరవై ఏళ్ళు ఎవరి పేరు చెప్పారో వాళ్ళ పేరే సంతకాల రోజు గుర్తుకు రాలేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది, 30న చివరి విమానం లేచింది.

## 2021 తరువాత

ఇప్పుడు అసలు ఏమేం నిషేధించారు? ఒక్కచోట చెప్పండి.

2021 సెప్టెంబరులో ఆరో తరగతి దాటిన ఆడపిల్లలని బడికి రానివ్వలేదు, మహిళా మంత్రిత్వ శాఖ భవనంలోనే నీతి నియమాల శాఖని పెట్టారు. 2022 మార్చి 23న బడులు తెరుస్తామని చెప్పి, పిల్లలు యూనిఫాం వేసుకుని వచ్చి కూర్చున్న కొన్ని గంటలకే ఇంటికి పంపేశారు. నాకు ఈ మొత్తం జాబితాలో అన్నిటికన్నా క్రూరంగా అనిపించేది ఇదే. మేలో ముఖం కప్పుకోవాలన్నారు, నవంబరులో పార్కులు, జిమ్‌లు, డిసెంబరు 20న యూనివర్సిటీలు, 24న స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలు. 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ఆఫీసుల్లో పని, జూలైలో బ్యూటీ పార్లర్లు. 2024 ఆగస్టు చట్టం ఆడదాని గొంతు కూడా పరాయివాళ్ళకి వినిపించకూడదంది. 2025 సెప్టెంబరులో ఆడవాళ్ళు రాసిన పుస్తకాలని యూనివర్సిటీ పాఠాల్లోంచి తీసేశారు. యునెస్కో లెక్కలో బడికి దూరమైన పెద్ద తరగతుల ఆడపిల్లలు దాదాపు 22 లక్షలు.

ఆడ డాక్టర్లు లేకపోతే ప్రసవాలు ఎవరు చేస్తారు?

అదే భయం. మగ డాక్టరు చూడకూడదంటారు, ఆడ డాక్టర్ని తయారు కానివ్వరు. 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని కోర్సులు కూడా మూసేశారు, అప్పటిదాకా అమ్మాయిలకి మిగిలిన చివరి కాలేజీలు అవే. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళు పాత బ్యాచ్‌లవాళ్ళు, వాళ్ళు రిటైరైతే వెనక ఎవరూ లేరు. 2025 ఆగస్టు 31 రాత్రి కునార్ భూకంపంలో 2,200 మందికి పైగా చనిపోయారు. అక్కడ గాయపడిన ఆడవాళ్ళని చూడటానికి మహిళా సిబ్బంది చాల్లేదు, కనీసం ఈ పనికైనా ఆంక్షలు ఎత్తేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అడగాల్సి వచ్చింది.

ఇది ఇస్లాం చెప్పిందేగా, ఇందులో మనం మాట్లాడేదేముంది?

అలాగైతే మిగతా ముస్లిం దేశాల్లో కూడా బడులు మూయాలి కదా. 2022 డిసెంబరు యూనివర్సిటీ నిషేధాన్ని కైరోలోని అల్ అజ్‌హర్ అనే పేరున్న ఇస్లామిక్ విద్యాసంస్థ పెద్ద ఇమామ్ షరియాకి విరుద్ధమన్నాడు, సౌదీ, టర్కీ కూడా తప్పు పట్టాయి. తాలిబన్లలోనే ఉప విదేశాంగ మంత్రి అబ్బాస్ స్తానిక్‌జాయ్ 2025 జనవరిలో దీనికి సాకు ఏమీ లేదని బహిరంగంగా అన్నాడు, ఆ తరువాత దేశం విడిచి వెళ్ళాడు. పట్టు పట్టి కూర్చున్నది కాందహార్‌లో ఉండే అధినేత హిబతుల్లా అఖుంద్‌జాదా, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమంది మత పెద్దలు. 2025 జూలైలో ఆయనకీ, ప్రధాన న్యాయమూర్తి అబ్దుల్ హకీమ్ హక్కానీకీ అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అరెస్టు వారెంట్లు ఇచ్చింది.

అక్కడి ఆడవాళ్ళు ఎందుకు తిరగబడట్లేదు?

తిరగబడ్డారు. కాబూల్ పడిన నెలలోపే 'నాన్, కార్, ఆజాదీ' (రొట్టె, పని, స్వేచ్ఛ) అంటూ రోడ్డెక్కారు, గాల్లోకి కాల్పులు జరిగినా మళ్ళీ వచ్చారు. 2022 జనవరి నుంచి ఇళ్ళకొచ్చి పట్టుకుపోవడం మొదలైంది, అన్నదమ్ముల్నీ భర్తల్నీ కూడా. ఆ తరువాత పద్ధతి మార్చారు: ఇంట్లో గుట్టుగా నడిపే క్లాసులు, ఫోన్లో చదువులు. గొంతు వినిపించకూడదన్న చట్టం వచ్చిన వారంలోనే ఆడవాళ్ళు పాటలు పాడి వీడియోలు పెట్టారు. 2025 సెప్టెంబరు చివర్లో దేశమంతా రెండు రోజులు ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఫోన్లో చదువుకునే అమ్మాయిలకి ఆ దారి కూడా మూసుకుపోయింది. ఏసీ గదిలో కూర్చుని ఈ ప్రశ్న అడిగేముందు మనం ఆఖరిసారి ఎప్పుడు ధర్నాకి వెళ్ళామో ఒక్కసారి ఆలోచించుకుందాం.

డబ్బు ఆపేస్తే తాలిబన్లు దారికొస్తారు కదా?

2021లోనే ఆపారు. అమెరికాలో ఉన్న అఫ్గాన్ కేంద్ర బ్యాంకు నిల్వలు సుమారు 700 కోట్ల డాలర్లు స్తంభింపజేశారు. తాలిబన్లు దారికి రాలేదు గానీ బ్యాంకుల్లో నగదు అయిపోయింది, టీచర్లకీ నర్సులకీ జీతాలు ఆగాయి, జీతం మీద ఇల్లు నడిపే ఆడవాళ్ళే ముందు దెబ్బతిన్నారు. 2025లో అమెరికా సాయం కోసేశాక వందల ఆరోగ్య కేంద్రాలు మూతపడ్డాయి. అలాగని ఏ షరతూ లేకుండా చేతులు కలపడం నాకు నచ్చదు. ఆసుపత్రికీ తిండికీ డబ్బు ఆపకూడదు, వాళ్ళ ప్రభుత్వానికి గుర్తింపు మాత్రం ఊరికే ఇవ్వకూడదు అన్నది నా అభిప్రాయం. రష్యా 2025 జూలైలో ఇచ్చేసింది.

## మన వైపు నుంచి

ఈ విషయంలో ఇండియా ఎలా ఉంది?

ఒక్క మాటలో చెప్పడం కష్టం. మనవాళ్ళు అక్కడ పార్లమెంటు భవనం, హెరాత్‌లో సల్మా డ్యాం కట్టారు, మన ప్రభుత్వ ఐసీసీఆర్ స్కాలర్‌షిప్‌ల మీద అఫ్గాన్ విద్యార్థులు హైదరాబాద్‌లోని ఉస్మానియా, ఇఫ్లూ యూనివర్సిటీలకి వచ్చి చదివారు. కానీ 2021 ఆగస్టులో పాత వీసాలన్నీ రద్దు చేశారు, ఒక మహిళా ఎంపీని ఢిల్లీ ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపి తరువాత పొరపాటైందన్నారు. 2025 అక్టోబరు 10న తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీలో పెట్టిన ప్రెస్‌మీట్‌కి మహిళా జర్నలిస్టుల్ని పిలవలేదు. గొడవయ్యాక 12న ఇంకోటి పెడితే వాళ్ళు ముందు వరసలో కూర్చుని ఆడపిల్లల బడుల గురించే అడిగారు. అదే నెలలో మన కాబూల్ ఆఫీసు మళ్ళీ ఎంబసీ అయింది. పాకిస్తాన్‌తో లెక్కలు మనకుంటాయి, అర్థం చేసుకోగలను. మన రాజధానిలోనే ఆడవాళ్ళని గది బయట నిలబెట్టడం మాత్రం మింగుడు పడలేదు.

రషీద్ ఖాన్ లాంటి క్రికెటర్లు ఏమీ మాట్లాడరా? మేం ఇక వాళ్ళ మ్యాచ్‌లు చూడకూడదా?

మాట్లాడారు. హైదరాబాద్ తరఫున 2017 నుంచి ఐదు సీజన్లు ఆడిన మన రషీద్, 2024 డిసెంబరులో నర్సింగ్ కోర్సులు మూసేసినప్పుడు ఆ నిర్ణయం మార్చుకోమని బహిరంగంగా రాశాడు, మహమ్మద్ నబీ కూడా. వాళ్ళ కుటుంబాలూ చుట్టాలూ అక్కడుంటారని గుర్తుంచుకుంటే అది చిన్న పని కాదు. ఆస్ట్రేలియా అయితే అఫ్గాన్ మగ జట్టుతో సిరీస్‌లు రద్దు చేసింది, ప్రపంచ కప్‌లో మాత్రం ఆడింది.

మ్యాచ్ చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే చూస్తాను. కానీ ఇంకో జట్టు కూడా ఉందని తెలుసుకోండి. 2020 నవంబరులో అఫ్గాన్ బోర్డు 25 మంది మహిళలకి కాంట్రాక్టులు ఇచ్చింది. కాబూల్ పడ్డాక వాళ్ళలో చాలామంది ఆస్ట్రేలియా చేరారు, ఉద్యోగాలు చేసుకుంటూ క్లబ్బుల్లో ఆడుకున్నారు. 2025 జనవరి 30న మెల్‌బోర్న్‌లో మొదటిసారి అందరూ ఒక జట్టుగా మైదానంలోకి దిగారు. ఓడిపోయారు. వాళ్ళ దేశం బోర్డు లెక్కలో ఆ జట్టు ఇప్పటికీ లేదు.